వఫ్రా తోటలో ఊకొట్టిన సాయంకాలం

మొన్న సాయంత్రం వంటింట్లో కొత్తిమీర వలుస్తూ, ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుని, మా మనవరాలికి కథ చెబుతున్నాను. ఇక్కడ కువైట్‌లో పొద్దుగూకేసరికి అక్కడ మా ఊళ్ళో దాని పడకవేళ అవుతుంది. నేను ఒక మాట చెప్పి ఆగుతాను. అది ఊ అంటుంది. కానీ ఆ ఊ వెంటనే రాదు. అంత సముద్రం దాటి రావాలి కదా. ఒక్కోసారి దానికోసం చూసి చూసి నేను రెండో మాట ఎత్తుకునేసరికి, మొదటి మాటకు రావలసిన ఊ వచ్చి దాని మీద పడుతుంది. ఇద్దరం నవ్వుకుంటాం. మళ్ళీ వెనక్కి పోయి చెబుతాను.

మొన్న చెబుతున్నది నిప్పు తెచ్చిన పిల్ల కథ. కొండమీద ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అగ్గిపెట్టె లేదు. ఆ ఇంటి ఆడపిల్ల టోపీ పెట్టుకుని, చిన్న కుండ పట్టుకుని, నిప్పు అడిగి తేవడానికి అవతలి కొండకు పోతుంది. "ఆడపిల్ల టోపీ ఎందుకు పెట్టుకునింది అవ్వా?" అని అడిగింది మనవరాలు. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళంతా పెట్టుకుంటారని చెప్పాను. యా దేశమని అడిగింది. పెరూ అన్నాను. పెరూ ఎక్కడుందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. నాకు తెలిసిన పెరూ అంతా పదేళ్ళ కిందట ఇక్కడ వఫ్రాలో ఒక తోటలో, ఒక చలికాలపు సాయంత్రం చూసిందే.

నేను కడప జిల్లా నుంచి ఈ దేశం వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళయింది. మా ఆయన పోయి ఏడాది తిరగకముందే వచ్చాను. అప్పటికి మా కూతురికి నాలుగేళ్ళు. దాన్ని మా అక్క చేతిలో పెట్టి విమానం ఎక్కాను. అప్పటినుంచీ ఒకే ఇంట్లో పనిలో ఉన్నాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ అమ్మ అన్నట్టు మామా అంటాం. వచ్చిన కొత్తలో ఫోన్ చేసి, మామా మంచిది, మామా నాకు చీర ఇచ్చింది అని చెబితే, మా అత్త "మామ అయితే ఇచ్చినాడు అనాల గదా, చదువుకోకపోతే ఇట్లనే ఉంటాది" అంది. ఆమె మాటా నిజమే. నా చదువు నాలుగో తరగతితో అయిపోయింది. కానీ ఒకసారి విన్నది మరిచిపోను. అది మా నాయనమ్మ, మా జేజి పోలిక.

ఆ యజమానురాలు, అంటే మా పెద్ద మామా, ఆమె కొడుకు పై దేశంలో చదువుకోవడానికి పోయి, పెరూ అమ్మాయిని పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆమెను నేను చిన్న మామా అనేదాన్ని. పొట్టి మనిషి, రెండు జడలు, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ఆమెకూ నాకూ ఉన్న అరబ్బీ కలిపినా ఒక మనిషికి సరిపోయేది కాదు, అయినా పొద్దంతా మాట్లాడుకునేవాళ్ళం. కూరగాయల కొట్టుకు నన్ను వెంటబెట్టుకుని పోయేది. అక్కడ ఒక బంగాళాదుంపను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ కుప్పలో పెట్టేసేది. వాళ్ళ కొండల్లో దుంపలు లెక్కలేనన్ని రకాలట, నల్లవి, ఎర్రవి, వంకరవి. ఇవి దుంపలు కావు, బొమ్మలు అనేది. ఆ వాసన చూసి పెట్టేయడం ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను పక్క వరుసలో గోంగూర కట్టతో అదే పని చేస్తుండేదాన్ని.

ఆమెకు పాప పుట్టింది. పుట్టిన పదో రోజు నుంచి నా ఒళ్ళోనే పెరిగింది. పెద్ద మామాతో అరబ్బీ, నాతో తెలుగు, అదీ అచ్చం మా కడప తెలుగు. కోపమొస్తే కాలు నేలకేసి కొట్టి, "నేను రాను పో, నాకు కడుపు నిండింది" అనేది. వచ్చిన చుట్టాలు ఇదేం భాషని పగలబడి నవ్వేవారు. చిన్న మామా కూడా నవ్వేది, కానీ ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు. ఎందుకంటే ఆమె తన భాషలో ఏది అడిగినా పాప అరబ్బీలోనే జవాబు చెప్పేది. అర్థమయ్యేది, నోరు తిరిగేది కాదు. పెరూలో ఉన్న చిన్న మామా తల్లి ఫోన్‌లో కనబడి ముద్దులు పెడుతూ ఏదో అడిగేది, ఈ పిల్ల అరబ్బీలో ఏదో చెప్పేది. ముసలామెకు ఒక్క ముక్క తెలిసేది కాదు. తల ఊపేది. ఫోన్ పెట్టేశాక చిన్న మామా చాలాసేపు కిటికీ దగ్గర నిలబడేది.

ఇక కథల సంగతి. మా జేజి దగ్గర ఒక కట్టడి ఉండేది. కథ వినేవాళ్ళు మాటమాటకూ ఊ అనాల్సిందే. ఊ అనకపోతే ఆమె నోరు మూసుకుని గోడవైపు తిరిగేది. ఎందుకు జేజీ అంటే, "ఊ అనేవాళ్ళు లేకుంటే కథ దోవ తప్పి అడివిలో పడతాది, ఆ పాపం చెప్పినోళ్ళకి" అనేది. ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని లెక్క, అక్కడికి కథ ఆపి దుప్పటి కప్పాలి. నేను పాపను అట్లాగే పెంచాను. దానికి మూడేళ్ళు వచ్చేసరికి ఊ అనడం ఎంత బాగా వచ్చిందంటే, పెద్ద మామా ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ఊ, ఊ అనేది.

మా కూతురి ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. మొదటిసారి మూడేళ్ళకు ఊరు పోయాను. దానికి ఏడేళ్ళు. ఆ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, మూడేళ్ళుగా దాచిపెట్టుకున్న కథ ఒకటి ఎత్తుకున్నాను. ఒక మాట చెప్పి ఆగాను. అది ఊ అనలేదు. మేలుకునే ఉంది, కళ్ళు కనబడుతున్నాయి. ఇంకో మాట చెప్పాను. అనలేదు. "నాకు నిద్దరొస్తాంది" అని లేచిపోయి మా అక్క పక్కలో పడుకుంది. దాన్ని తప్పుపట్టను. అక్క దాన్ని బాగా చూసుకుంది, కానీ ఆమెకు కథలు రావు. ఊ అనాలని దానికి చెప్పినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆ పిల్లకు నేను కథ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఆ మౌనం మళ్ళీ వినాల్సి వస్తుందని భయం. ఇక్కడికి వచ్చి, ఆ కథలన్నీ ఈ పాపకు చెప్పేశాను.

పాపకు ఏడో ఏడు నడుస్తుండగా పెరూలో ముసలామె మంచం పట్టింది. చిన్న మామా పోవాలంటే అప్పుడు రెండో కాన్పుకు నెలలు నిండుతున్నాయి, విమానం ఎక్కకూడదన్నారు. అదే చలికాలంలో ఇక్కడ వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళంతా కలిసి కథల సాయంకాలం ఒకటి పెట్టుకున్నారు. ఒక్క దేశం వాళ్ళు కారు, పెరూ, కొలంబియా, మెక్సికో, ఇంకా నా నోరు తిరగని పేర్లు. అందరినీ కలిపి లాటినోలు అంటారని చిన్న మామా చెప్పింది. మన రాయలసీమ, గోదావరి, తెలంగాణ అంతా ఇక్కడికొస్తే తెలుగోళ్ళయినట్టే అనుకున్నాను. ఒక్కొక్కరే లేచి, మేము ఎవరం, ఎక్కడివాళ్ళం, మా ఇంట్లో ఏ కథ ఉంది అని చెప్పుకోవాలట. వఫ్రాలో పెద్ద మామా వాళ్ళ తోట ఉంది, అక్కడ పెట్టుకోమంది ఆమె. చిన్న మామా ఒక మాట నిశ్చయం చేసుకుంది. పాప లేచి, అమ్మమ్మ కథను అమ్మమ్మ భాషలో చెప్పాలి. ముసలామె ఫోన్‌లో వినాలి. ఎన్ని రోజులు ఉంటుందో తెలియని మనిషి, మనవరాలి నోట తన మాట ఒక్కసారి వినిపోవాలి.

ఆ కథే నిప్పు తెచ్చిన పిల్ల కథ. ఆ పిల్ల ఎవరో కాదు, ముసలామే. నిప్పు తెస్తుంటే దారిలో వాన వస్తుంది. నెత్తిమీది టోపీ తీసి కుండ మీద మూస్తుంది, తాను తడుస్తుంది. ఇల్లు చేరేసరికి నిప్పు బతికి ఉంది, టోపీకి మాత్రం సెగకు కాలి బొక్క పడింది. ఆ బొక్క టోపీ చిన్న మామా పెట్టెలో ఉండేది. మాకూ చిన్నప్పుడు పొయ్యి ఆరిపోతే పక్కింటికి పోయి పిడకమీద నిప్పు తెచ్చుకునే అలవాటు ఉండేది కాబట్టి, ఆ కథ నాకు పరాయిది అనిపించలేదు.

పదిహేను రోజులు నేర్పించింది చిన్న మామా. నన్ను పిలిచి, ఈ పదిహేను రోజులు నువ్వు దానికి కథలు చెప్పొద్దు, నా భాషే చెవిన పడాలి అంది. సరే మామా అన్నాను, మనసు చివుక్కుమంది. హాల్లో తల్లి ముందు నిలబడి పాప ఒక మాట చెప్పి, ఆగి, తల్లి ముఖంలోకి చూసేది. మరిచిపోయిందనుకుని చిన్న మామా తర్వాతి మాట అందించేది. పాప చిరాకుపడేది. తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అదే పాప వంటింట్లోకి వచ్చి, "అత్తా, చెప్తాండా, విను" అని, ముందు ఆ భాషలో ఒక మాట, తర్వాత నాకోసం తెలుగులో ఒక మాట, మొత్తం కథ ఒక్క తడబాటు లేకుండా చెప్పేది. నేను పిండి కలుపుతూ ఊ అంటుండేదాన్ని. హాల్లో ఎందుకు ఆగుతోందో నాకు తెలుసు. తెలిసీ చిన్న మామాతో చెప్పలేదు. చెప్తే ఆ ఊ కూడా ఆమె సొంతమైపోతుందనిపించింది. నా బిడ్డ నాకు ఇవ్వనిది ఈ బిడ్డ నా దగ్గరే వదిలిందని ఒక మూల సంతోషం. అది మంచి సంతోషం కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వఫ్రా అంటే ఈ దేశానికి దక్షిణం కొసన, ఇసుక మధ్యలో తోటలు. టమాటాలు, కీరకాయలు ప్లాస్టిక్ పందిళ్ళ కింద కాస్తాయి. ఆ తోట చూసుకునేది రాయచోటి సాయిబు. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు, మాట్లాడే మనుషులు దొరక్క గొర్రెలతో మాట్లాడేవాడు. "ఈడ గొర్రెలకి తెలుగు వచ్చక్కా, అరబ్బీలో పిలిస్తే తిరిగి సూడవు" అని గొప్పగా చెప్పాడు. ఆ రోజు ఖర్జూరపు చెట్లకు దీపాల తీగలు చుట్టి, ఇసుకలో తివాచీలు పరిచి, ఇనప కుంపట్లలో బొగ్గులు రాజేశాడు. నేనూ చిన్న మామా రెండు రోజులు కూర్చుని వాళ్ళ పిండివంట చేశాం. చూస్తే అచ్చం కజ్జికాయలే, అంచుకు అదే మెలిక, లోపల మాత్రం మాంసం కూర. రాయచోటి అన్న ఒకటి కొరికి, అటూ ఇటూ తిప్పి చూసి, "కజ్జికాయకి యాడ జూసినా మర్యాదేనక్కా, లోపల ఏముంటే ఏముండాదిలే" అని ఇంకో నాలుగు తీసుకున్నాడు.

పొద్దుగూకి, నమాజుకు మగ్రిబ్ బాంగు అయ్యాక మొదలుపెట్టారు. కూరగాయల పెట్టె ఒకటి బోర్లించి పెట్టారు, చెప్పేవాళ్ళు దానిమీద నిలబడాలి. కొలంబియా నర్సమ్మ ఒకామె వాళ్ళమ్మ కాఫీ తోట గురించి చెప్పింది. మెక్సికో నుంచి వచ్చి పిల్లలకు బంతాట నేర్పే మీసాలాయన, అంత పెద్ద మనిషి, చెబుతూ చెబుతూ ముఖానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒక్క మాట తెలియదు. అయినా అమ్మ అనే మాట ఎక్కడ వచ్చిందో తెలిసిపోయేది. అక్కడ అందరి గొంతూ కొంచెం దిగేది. వింటున్నవాళ్ళు కూడా మధ్యలో నవ్వుతూ, కేకలు వేస్తూ, చప్పట్లు కొడుతూ ఉన్నారు.

పాప వంతు వచ్చింది. బొక్క టోపీ పెట్టుకుని పెట్టె ఎక్కింది. టోపీ కనుబొమల దాకా దిగింది. ఫోన్‌ను ఎదురుగా ఒక కర్రకు కట్టారు, అందులో దిండుకు ఆనుకున్న ముసలామె ముఖం. అక్కడ అప్పుడు పొద్దున. ఆమెకు చెవులు సరిగా వినబడవు కాబట్టి చిన్న మామా అందరికీ దండం పెట్టినట్టు చేసి, పాప చెప్పినంతసేపు ఎవరూ చప్పుడు చేయొద్దని అడిగింది. అంతా నోళ్ళు మూసుకున్నారు. గాలికి ప్లాస్టిక్ పందిళ్ళు కొట్టుకునే చప్పుడు ఒక్కటే.

పాప మొదటి మాట చెప్పింది. ఆగింది. అందరూ చిరునవ్వుతో చూస్తున్నారు. చిన్న మామా రెండో మాట మెల్లగా అందించింది. పాప తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి మాటే చెప్పింది. మళ్ళీ ఆగింది. ఆ మనుషుల్లో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోతోంది. ఎవరూ ఊ అనరు. ఎవరికీ నా కథ అక్కర్లేదు అనుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. కింది పెదవి వణకడం మొదలైంది. ఫోన్‌లో ముసలామె ఏమైందని చెవి దగ్గరికి జరిపింది. చిన్న మామా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను కుంపటి దగ్గర టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఉన్నాను. పక్కన ఉన్న రాయచోటి అన్న నా వైపు వంగాడు.

"ఊ అనేవాళ్ళు లేక ఆగిపాయ గదక్కా బిడ్డ. నువ్వన్నా అను."

"చప్పుడు చేయొద్దన్నారన్నా."

"ఊ అనేది చప్పుడా?"

నా జేజి మాట గుర్తొచ్చింది. కథ అడవిలో పడుతోంది, పడేసింది నేనే. పని మనిషిని, నిండు సభ. అయినా నోరు తెరిచాను.

"ఊ" అన్నాను.

ఆ నిశ్శబ్దంలో అది బావిలో రాయి వేసినట్టు వినబడింది. అన్ని తలలూ తిరిగాయి. చిన్న మామా తల కూడా. ఒక ముసలాయన పెదవుల మీద వేలు పెట్టి నన్ను వారించాడు. పాప మాత్రం టోపీ పైకి తోసుకుని నన్ను చూసింది, రెండో మాట చెప్పింది. నేను ఊ అన్నాను. మూడో మాట. ఈసారి నా పక్కనుంచి ఇంకో ఊ, గొర్రెలను తోలి తోలి బొంగురుపోయిన గొంతు. నాలుగో మాటకు మీసాలాయన అర్థం చేసుకున్నాడు. అందరి వైపు చేయి ఊపి, ఊ అన్నాడు. ఇంక చూడాలి, తివాచీల మీద కూర్చున్న ఆడా మగా, పిల్లా జెల్లా, మాట మాటకూ ఊ. అంత మంది ఒక్కసారి ఊ అంటే గొర్రెలు కూడా దొడ్లోంచి తలలెత్తాయి. పాప కొండ దిగింది, నిప్పు అడిగింది, వానలో తడిసింది. చివర టోపీ తీసి, బొక్కలోంచి వేలు బయటికి పెట్టి ఆడించింది. అందరూ ఊ అని, చప్పట్లు కొట్టబోతూ ఉన్నారు. అప్పుడు, అందరి ఊ అయిపోయాక, చాలా ఆలస్యంగా, కర్రకు కట్టిన ఫోన్‌లోంచి వచ్చింది. పగిలిన గొంతు, ఒక్కటే.

"ఊ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టబుద్ధి కాలేదు.

తర్వాత చిన్న మామా కుంపటి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసు మామా అన్నాను, తల ఎత్తకుండా. కుంపట్లో బొగ్గులు కదిపింది. ఆ తర్వాత, "మరి నీ కూతురికి కథలు ఎవరు చెప్పారు?" అంది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆమె తన కూతురిని పక్కన పెట్టుకునే పోగొట్టుకుంటున్నాననుకుంది, నాకు పక్కన కూడా లేదని అప్పుడే తట్టినట్టుంది. ఆమె నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని, ఆ నిండు నెలల మనిషి, తనే అందరికీ టీ పంచింది.

ముసలామె ఆ ఎండాకాలం రాకముందే పోయింది. ఇంకో రెండేళ్ళకు చిన్న మామా వాళ్ళు ఈ దేశం వదిలి వెళ్ళిపోయారు. విమానాశ్రయంలో పాప, "అత్తా, నువ్వు రావా?" అని అడిగింది. ఇప్పుడు దానికి పదిహేడేళ్ళు. పండుగకు ఫోన్ చేస్తుంది. తెలుగు చాలావరకు పోయింది, మాట వెతుక్కుంటుంది. కానీ నేను మాట్లాడుతుంటే ఊ అంటుంది. అది పోలేదు.

మొన్నటి సాయంత్రానికి వస్తాను. మనవరాలికి కథ చెబుతూ చెబుతూ వాన దగ్గరికి వచ్చాను. పిల్ల నెత్తిమీది టోపీ తీసి కుండ మీద మూసింది అని చెప్పి ఆగాను. ఊ రాలేదు. ఆలస్యమవుతుందిలే అని కొత్తిమీర కట్ట తిప్పుకుని చూశాను. రాలేదు. ఫోన్ తెర మీద ఇంటి పైకప్పు, ఫ్యాను తిరగడం కనబడుతున్నాయి. పిల్ల నిద్రపోయింది. కట్టడి ప్రకారం కథ అక్కడికి ఆపేయాలి. ఫోన్ ఆపడానికి తడి చేయి చీరకు తుడుచుకున్నాను.

"ఊ" అని వినబడింది.

మనవరాలి గొంతు కాదు. మా కూతురు. పిల్లను పడుకోబెడుతూ పక్కనే ఉన్నట్టుంది, ముఖం కనబడలేదు. కొత్తిమీర కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. తర్వాత, ఆ పిల్ల వానలో తడుస్తూ కొండ ఎక్కింది అన్నాను. ఊ అంది. కుండలో నిప్పు బతికే ఉంది అన్నాను. ఊ అంది. ఎన్నో ఏళ్ళ కిందట మా ఇంటి చీకట్లో నేను చెప్పి ఆగిన ఆ మొదటి మాటకు రావలసిన ఊ ఇన్నాళ్ళకు వచ్చిందనుకున్నాను. కాలం దేన్నీ మింగదు కాబోలు, దూరాన్ని బట్టి ఆలస్యం చేస్తుంది, అంతే. చెప్పినవాళ్ళు మాత్రం ఆగినచోటే ఆగి ఉండాలి.